రెండు గోడలు, ఒకే సంచి

పోయిన వేసవిలో మా గ్యారేజీలోంచి రాళ్లు పోయాయి. నవ్వకండి. బంగారం పోతే ఊరివాళ్లని అనుమానిస్తాం. రాళ్లు పోతే ఇంట్లోవాళ్లనే అనుమానించాలి, ఎందుకంటే బయటివాడికి అంత పిచ్చి ఉండదు.

నా పేరు వీరభద్రం. డెబ్బై ఆరేళ్లు. నాలుగో తరగతి దాకా చదివాను. అయిదో తరగతికి మా ఊళ్లో గది కట్టలేదు, కట్టి ఉంటే కలెక్టర్నయ్యేవాణ్ని. కూతురు పూజిత దగ్గర ఉంటున్నాను, వర్జీనియాలో, షాంటిలీకి ఇరవై నిమిషాల దూరం. అల్లుడు లోకేష్ కంప్యూటర్ మనిషి. వాళ్లమ్మ కామేశ్వరి, అంటే నా వియ్యపురాలు, ఆవిడా మాతోనే. ఒకే కప్పు కింద ఆరేళ్లుగా ఉంటున్నా మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. "కాఫీ బల్ల మీద పెట్టాను అన్నయ్యగారూ." "అలాగే చెల్లెమ్మా." అక్కడితో ఆ రోజుకి సభ సమాప్తం.

ఆ జూన్‌లో నా మోకాలు మొరాయించింది. స్నానానికి మేడ మెట్లెక్కడమంటే తిరుమల కొండెక్కినట్టే, కాకపోతే పైన లడ్డూ ఉండదు. కింద మెట్ల పక్కన ఒక చిన్న మరుగుదొడ్డి, దాని గోడకి అవతల కామేశ్వరమ్మ పూజగది. లోకేష్ ఒక శనివారం టేపు పట్టుకొచ్చి రెండూ కొలిచాడు.

"మధ్య గోడ తీసేస్తే ఫుల్ బాత్ వస్తుంది మావయ్యా. మీకు మెట్ల బాధ ఉండదు. దేవుణ్ని పైకి షిఫ్ట్ చేద్దాం. అమ్మా, ఓకేనా?"

కామేశ్వరమ్మ దండ కడుతోంది. తల ఎత్తలేదు. "మీ ఇష్టం నాయనా" అంది.

వీడియోలు చూస్తూ అల్లుడే పగలగొట్టాడు. రెండు వారాంతాలు ఇల్లంతా సున్నపు దుమ్ము. నేలమీది టైల్స్, గోడలకి కొట్టే షీట్‌రాక్ అట్టలు, పాత సింకు, అన్నీ ఇరవై రెండు నల్ల సంచుల్లో కుక్కి, సగం కారులో వేసుకుని కౌంటీ వాళ్ల చెత్త కేంద్రానికి వెళ్లాడు. గంటలో ఆ సంచులతోనే తిరిగొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"చార్జ్ అంట! మొన్నటిదాకా ఏం తెచ్చినా ఫ్రీ. ఈ సమ్మర్ నుంచి రూల్ మార్చారు. పేపర్లూ సీసాలూ ఫ్రీ అంట, ఇల్లు రీమోడల్ చేసిన చెత్తయితే తూకం వేసి డబ్బు కట్టాలంట. మనం ట్యాక్సులు కట్టట్లేదా మావయ్యా?"

"కట్టేసి రావాల్సింది. ఎంతని?" అంది పూజిత.

"ఎంతని కాదు. ఇది ప్రిన్సిపుల్."

"సరే, ప్రిన్సిపుల్ గ్యారేజీలో పెట్టు. కార్లు వానలో తడుస్తాయిలే."

అలా ఇరవై రెండు సంచుల ప్రిన్సిపుల్ గ్యారేజీలో కాపురం పెట్టింది. లోకేష్ కౌంటీకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. వాళ్లు "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అంటూనే ఉన్నారు.

ఆదివారాలు నేను గుడి వంటశాలలో ఉంటాను. రెండొందల మందికి పులిహోర నాదే. చింతపండు ఎంత, బెల్లం ఎంత అని నన్నే అడుగుతారు. ఇంగ్లీషు రాని, కారు నడపలేని ముసలాణ్ని ఈ దేశంలో ఎదురుచూసే చోటు అదొక్కటే. పొద్దున ఎనిమిదికి నేను వెళ్లకపోతే తొమ్మిదికి ఫోను వస్తుంది. ఇంటికి నా పేరు మీద వచ్చే ఫోను అదొక్కటే.

ఆ వంటశాలకి పెద్ద పరంధామయ్యగారు. యాభై ఏళ్ల కిందట వచ్చి ఇక్కడ రోడ్లు వేసిన ఇంజనీరు. నవ్వాల్సి వస్తే ముందు కొలత తీసుకునే మనిషి. ఆయన ముందే, కూరగాయలు తరిగేవాళ్ల మధ్య, నేను నోరు పారేసుకున్నాను.

"చార్జీ ఎందుకు కట్టాలండీ? రోజూ వాకింగుకి పోయేటప్పుడు రెండు జేబుల్లో రెండు గుప్పెళ్లు వేసుకుంటాను. ఈ చెట్టు కింద ఒకటి, ఆ చెట్టు కింద ఒకటి. మా తాత ఇలాగే ఒక గుట్టని పంచె కొంగులో మోసి పొరుగూళ్లో దింపాడు. పొద్దున్నే వాళ్లు లేచి చూస్తే ఊరి మధ్య గుట్ట! శిస్తు వాళ్లు కట్టారు, గాలి మాకు వచ్చింది."

అందరూ నవ్వారు. పరంధామయ్యగారు మాత్రం, "ఎంత కాలం పట్టింది?" అని అడిగారు.

"ఒక్క కార్తీక మాసం."

"అసంభవం" అని ఆయన బీన్స్ తరుక్కున్నారు.

జూలై రెండో వారంలో సంచులు పందొమ్మిదయ్యాయి.

నేను రెండుసార్లు లెక్కపెట్టాను. లోకేష్ మూడుసార్లు లెక్కపెట్టి నావైపు చూశాడు.

"మావయ్యా, మీరు వాకింగ్‌లో ఏమైనా..."

"నాయనా, అది కథ. నీ కారు డిక్కీలో ఆ దుమ్మేమిటో చెప్పు."

"మొదటి రోజు తీసుకెళ్లానుగా!"

"నువ్వు వారానికోసారి కారు కడుగుతావుగా!"

పూజిత ఫోన్ పక్కన పెట్టి ఇద్దర్నీ చూసింది. "ఎవరి చెత్త డంప్‌స్టర్‌లోనైనా పడేసి వస్తున్నారేమో, ఇప్పుడే చెప్పండి. కెమెరాలో పడితే ఫైన్ వేస్తారు. నాన్నా, మీరు నవ్వకండి. మీరు నవ్వితే నాకు ఇంకా భయం."

తరవాతి వారం పదిహేడు. ఆ పై వారం పదిహేను. భోజనాల దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. నాకు అల్లుడి మీద అనుమానం రోజురోజుకీ ముదిరింది. పొద్దున ఆఫీసుకి పోతూ ఒక్కోటీ డిక్కీలో వేసుకుపోతున్నాడని నా లెక్క. ప్రిన్సిపుల్ మనుషులు మామూలు మనుషులకంటే జాగ్రత్తగా దొంగతనం చేస్తారు.

దొంగని పట్టే విద్య నాకు తెలుసు. మా చిన్నప్పుడు గాదె దగ్గర బూడిద చల్లేవాళ్లం. ఒక సోమవారం పొద్దున సంచుల చుట్టూ బియ్యప్పిండి పల్చగా చల్లి, అడుగులు పడతాయని కాసుక్కూర్చున్నాను. కూర్చున్నానంటే కునుకు తీశాను. సాయంత్రం వెళ్లి చూస్తే, పిండి ఉంది, అడుగులు లేవు. ఎనిమిది రేకుల పద్మం ఉంది, చుట్టూ తీగలతో సహా.

"ఎవరో పిండి ఒలకబోశారు అన్నయ్యగారూ" అంది కామేశ్వరమ్మ. "పారబోస్తే దోషమని ముగ్గు దిద్దాను."

నా వల మీద దండ అల్లిపెట్టిందని మనసులో విసుక్కున్నాను. ఆవిడ గ్యారేజీలోకి ఎందుకు వెళ్లిందని అడగాలని మాత్రం తట్టలేదు. అనుమానం కూడా మగవాళ్ల మీదే రావాలని నాకెవరు నేర్పారో మరి.

ఆగస్టు మొదటి ఆదివారం. నేను పోపు వేస్తుంటే పరంధామయ్యగారు ఒక స్టీలు పళ్లెం తెచ్చి నా పక్కన పెట్టారు. దాంట్లో ఆకుపచ్చ టైల్ ముక్క ఒకటి, అరచెయ్యంత షీట్‌రాక్ ముక్క ఒకటి.

"ఇవి ఎక్కడ దొరికాయో తెలుసా? నిర్మాల్యం డబ్బాలో."

గుడి వెనకాల పెద్ద పచ్చ డబ్బా ఉంటుంది. స్వామికి వాడిన పూలూ, తులసీ అందులో వేస్తారు. బుధవారం లారీ వచ్చి ఎరువు చేయడానికి పట్టుకుపోతుంది. మొన్న బుధవారం లారీవాడు డబ్బా ఎత్తబోతే లేవలేదట. మూత తీసి చూస్తే పూలకింద గోడ. కాగితం మీద ఏదో రాసి అంటించి వెళ్లిపోయాడు. ఇది ఎరువు సరుకు కాదు, ఇంటి రిపేరు సరుకు, కౌంటీ కేంద్రంలో తూకం వేయించి మీ ఖర్చుతో పారేయించుకోండి, అప్పటిదాకా పూలు కూడా ఎత్తం అని.

"దేవుడి డబ్బాలో!" అన్నారు పరంధామయ్యగారు, అందరికీ వినపడేలా. "చార్జీ ఎగ్గొట్టడానికి! ఎవరెవరి ఇళ్లలో రీమోడలింగ్ నడుస్తోంది?"

మూడు చేతులు లేచాయి, ఒకటి నాది. కళ్లు మాత్రం అన్నీ ఒక్కచోటికే వచ్చాయి.

"జేబుల్లో గుప్పెళ్లు అన్నది మీరే కదా వీరభద్రంగారూ?"

"అది కథండీ."

"టైల్ కథ కాదు. వచ్చే ఆదివారంలోపు ఎవరిదో తేలాలి. తేలకపోతే ముగ్గురూ వంటశాలకి రావద్దు."

పోపు మాడింది. నా చేతిలో పోపు మాడడం ఆ గుళ్లో అదే మొదలు. ఎందుకంటే ఆ ఆకుపచ్చ టైల్ నేను గుర్తుపట్టాను. మా ఇంటిదే. ఆరేళ్లు కామేశ్వరమ్మ దీపం పెట్టిన నేల.

చచ్చామురా అల్లుడూ అనుకున్నాను.

ఆ వారమంతా లోకేష్‌ని నీడలా వెంటాడాను. అతను కారు తీస్తే కిటికీ దగ్గర నేను. అతను వస్తే డిక్కీ పక్కన నేను. పాపం ఒకరోజు, "మావయ్యా, మీకు ఏమైనా కావాలా? బయటికి తీసుకెళ్లనా?" అని అడిగాడు. దొంగ మంచితనం అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, అల్లుడూ కూతురూ ఆఫీసుల్లో ఉండగా, గ్యారేజీలో చప్పుడైంది. గరగర, గరగర, మధ్యలో టక్కు. మోకాలు కూడా మరిచిపోయి వెళ్లాను.

కామేశ్వరమ్మ పీట మీద కూర్చుని ఉంది. ముందు నల్ల సంచి విప్పి ఉంది. ఒళ్లో అల్యూమినియం పళ్లెం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ముక్క ముక్కా తీసి, తిప్పి చూసి, ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు వేస్తోంది. పక్కన పది పౌన్ల బియ్యం సంచి సగం నిండింది. దాని మీద కప్పడానికి పూలబుట్ట సిద్ధంగా ఉంది. సోమ, శుక్రవారాలు ఎదురింటి దేదీప్య కారులో గుడికి దండలు కట్టడానికి వెళ్లే బుట్ట అది.

నన్ను చూసి ఆవిడ లేవలేదు. చేతిలో ముక్క కింద పెట్టలేదు. ఆ ముక్కనే తిప్పి చూస్తూ అంది:

"రెండు గోడలూ ఒకే సంచిలో వేశాడు అన్నయ్యగారూ."

"ఏ రెండు?"

"దొడ్డిదీ, దేవుడిదీ."

నేను చెప్పుల స్టాండు మీద కూర్చుండిపోయాను. సంచుల లెక్క ఎందుకు తగ్గుతోందో అప్పుడర్థమైంది. దేవుడి ముక్కలు ఏరేసి, మిగిలినవి ఉన్న సంచుల్లోనే సర్దుతోంది. ఏరినవి నిర్మాల్యం కదా, నిర్మాల్యం వేసేచోటే వేస్తోంది. డబ్బా మీద ఇంగ్లీషులో ఏం రాసుందో ఆవిడకీ రాదు, నాకూ రాదు.

"తెల్లటి అట్టలన్నీ ఒకేలా ఉన్నాయి కదమ్మా. ఏది ఎవరిదో ఎలా తెలుస్తోంది?"

ఒక ముక్క చేతికిచ్చింది. "వాసన చూడండి."

చూశాను. కర్పూరం. నేను కోసే కోతల్లో దీన్ని కలపకండి. నిజంగానే కర్పూరం.

"లోకేష్‌తో ఒక్కమాట చెప్పాల్సింది."

"మీ మోకాలి కోసం కడుతున్నాడు. దేవుడికి అడ్డం పెట్టి నేనేం చెప్పను?"

అప్పుడు చెప్పాను, లారీ సంగతి, పళ్లెం సంగతి. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "స్వామి పూలు ఎత్తలేదా?" అంది. చాలాసేపు అదే మాట. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, "ఆదివారం నేనే చెప్తాను. తప్పు నాది" అంది.

ఆదివారం భోజనాలకి ముందు అందరూ వంటశాల బయట హాల్లో చేరారు. దండలు కట్టే ఆడవాళ్లు చాప మీద, మొదటి చోటు కామేశ్వరమ్మది. పరంధామయ్యగారి చేతిలో మళ్లీ ఆ పళ్లెం. "ఎవరైనా చెప్పేదుందా?" అన్నారు.

కామేశ్వరమ్మ నేలకి చెయ్యి ఆనించి లేవబోయింది. ఆవిడ మోకాళ్లూ నా మోకాళ్లలాంటివే. లేవడానికి టైము పడుతుంది. ఆ టైములో చుట్టూ ఉన్న ఆడవాళ్ల మొహాలు చూశాను. దేవుడి డబ్బాలో రాళ్లు పోసినవాడి చెయ్యి విరిగిపోవాలని పొద్దున్నే అన్నవాళ్లు వాళ్లు.

"నేనే పోశానండీ" అన్నాను.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. వయసు మీద పడ్డవాడు, ఏదో తెలియక చేశాడు, పోనీలే అని ఉందురు. కానీ నా నోరు నా చేతిలో ఉంటేగా. జేబుల్లో మోశానన్నాను. చాలదనిపించింది. సాక్సుల్లో మోశానన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో ఊపొచ్చింది. "ఆదివారాలైతే చింతపండు డబ్బాలో అడుగున పరుచుకుని తెచ్చేవాణ్ని, ఎవరికి అనుమానం వస్తుంది?" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"చింతపండు డబ్బాలోనా?" అన్నారు పరంధామయ్యగారు. "పులిహోర చింతపండు?"

అప్పుడు తెలిసింది నేనేమన్నానో. డెబ్బై ఆరేళ్లుగా కోస్తున్నాను, గుట్టని మోసిన తాతని ఎవరూ నమ్మలేదు. దీన్ని మాత్రం ఒక్క ప్రశ్న లేకుండా అందరూ నమ్మేశారు. కొందరు పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నారు కూడా.

"వీరభద్రంగారూ," అని ఆయన నెమ్మదిగా అన్నారు, "మీరిక వంటశాలలోకి రావద్దండి."

కారులో లోకేష్ స్టీరింగ్ పిసుకుతున్నాడు. "ఎందుకు మావయ్యా? నేను కట్టేవాణ్నిగా! ఇంత అవమానం..."

"నేనురా" అంది వెనకసీట్లోంచి కామేశ్వరమ్మ. మొత్తం చెప్పింది, పీట దగ్గర్నుంచి పూలబుట్ట దాకా. లోకేష్ కారు పక్కకి ఆపాడు. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"మీ ఇష్టం అన్నావు కదమ్మా" అన్నాడు చివరికి.

"అన్నాను."

పూజిత వెనక్కి తిరిగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. లోకేష్ ఇండికేటర్ ఆపి ఇంటికి పోనిచ్చాడు.

శనివారం అతను ఒక చిన్న ట్రక్కు అద్దెకి తెచ్చాడు. గుడి డబ్బాలోంచి తెచ్చినవి, కామేశ్వరమ్మ ఇంకా ఏరి ఉంచినవి, గ్యారేజీలో మిగిలిన సంచులు, అన్నీ కలిపి ఒకేసారి తీసుకుపోతాడనుకున్నాను. కాదు. మొదటి ట్రిప్పులో మరుగుదొడ్డి గోడ ఒక్కటే వేశాడు. తూకం వేయించి, డబ్బు కట్టి, పారేసి తిరిగొచ్చాడు. ట్రక్కు వెనకభాగం హోసు పెట్టి కడిగాడు. అప్పుడు రెండో గోడ ఎక్కించి, "అమ్మా, కూర్చో" అన్నాడు. నేనూ ఎక్కాను, పిలవకపోయినా.

తూకం దగ్గర కిటికీలో ఒక నల్లావిడ కూర్చుని ఉంది. లోకేష్‌ని గుర్తుపట్టింది.

"మళ్లీ వచ్చావా? ఇప్పుడేం తెచ్చావు?"

అతను పక్కనున్న అమ్మవైపు తిరిగాడు. "మా అమ్మ గోడ" అన్నాడు ఇంగ్లీషులో. ఆ పాటి ఇంగ్లీషు నాకు వచ్చు.

ఆవిడ లోపలికి తొంగి చూసింది. ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న కామేశ్వరమ్మని చూసింది. "రేటు అదే బాబూ" అంది. లోకేష్ ఏ ప్రిన్సిపుల్ మాటా ఎత్తకుండా కార్డు తీశాడు.

ఆ మర్నాడు కామేశ్వరమ్మ నాకు చెప్పకుండా పరంధామయ్యగారి దగ్గరికి వెళ్లింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చేతులు జోడించారట.

"అమ్మా, వియ్యంకుడి పరువు కోసం నింద మీ నెత్తిన వేసుకుంటున్నారు. మీలాంటివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడుంటారండీ!"

"నిజమేనండీ, నేనే వేశాను."

"మీ మంచితనం నాకు తెలుసమ్మా. ఆ చింతపండు డబ్బా సంగతి ఆయన నోటితోనే విన్నాం కదా."

ఇంటికొచ్చి ఆవిడ నా ఎదురుగా నిలబడింది. ఆరేళ్లలో మొదటిసారి గొంతు పెంచింది. "ఏం అబద్ధం కట్టారు అన్నయ్యగారూ! నా నిజానికి నిలబడ్డానికి చోటు లేకుండా చేశారు! ఆ చింతపండు ఎందుకు? ఎవరడిగారు మిమ్మల్ని చింతపండు?"

"ఊపులో వచ్చేసింది చెల్లెమ్మా."

"ఊపట!" అని విసురుగా లోపలికి వెళ్లింది. పోస్టుకార్డు ఆ పూటే నిండిపోయింది. ఆ తరవాత ఆవిడ నన్ను తిట్టని రోజు లేదు. మంచిదే, ఇంట్లో అలికిడి ఉంది.

చలి మొదలైనా గుడికి మేం కలిసే వెళ్తున్నాం. ఇప్పుడు అందరితోపాటు బంతిలో కూర్చుంటాను. పులిహోర వేరేవాళ్లు చేస్తున్నారు, బెల్లం వెయ్యరు. తొమ్మిదికి ఫోను రాదు. గుమ్మం దగ్గర ఒక వాలంటీరు కుర్రాణ్ని పెట్టారు, సంచులు చూడ్డానికి. పెద్దవాళ్లవి అందరివీ చూస్తారని పేరు, చూసేది మాత్రం నాదే. కళ్లజోడు పెట్టె కూడా తెరిపిస్తాడు.

కామేశ్వరమ్మ ప్రతి ఆదివారం నాకంటే రెండడుగులు ముందు నడుస్తుంది. గుమ్మం దగ్గర ఆగి, తన పూలబుట్ట మూత తీసి, పూలన్నీ ఒక పక్కకి జరిపి, అడుగు కనపడేలా ఆ కుర్రాడి మొహం ముందు పట్టుకుంటుంది.

"చూడు నాయనా, చూడు" అంటుంది.

"అయ్యో, మీది అక్కర్లేదు ఆంటీ, వెళ్లండి" అని వాడు నావైపు తిరుగుతాడు.

ఆవిడ వెళ్లదు. వాడు నా సంచి చూడడం అయ్యేదాకా బుట్ట అలాగే పట్టుకుని నిలబడుతుంది.